ఆకాశయాత్ర చేసి వచ్చిన వస్తువులు

కాశీయాత్ర చేసి వచ్చినవారు బంధువుల ఇండ్లకు పంచెడి గంగ చెంబును ఎరుగనివారు మనలో అరుదు. మూతికి మాటు వేసిన చిన్న రాగి చెంబు, అందులో గ్రుక్కెడు నీరు. ఆ నీటిని గోదావరి నీటి ప్రక్కనుంచి చూచినచో కంటికి భేదము కనబడదు. తెచ్చినవారి మాట, చెడని మాటు, ఈ రెండే అది గంగ అనుటకు సాక్ష్యములు. ఇంటివారికి ఆ సాక్ష్యము చాలును. అంతరిక్షమునకు పోయి వచ్చిన వస్తువులను సేకరించువారి వ్యాపకము కూడ ఇట్టి సాక్ష్యముపైననే నిలిచియున్నది. అయితే అచ్చట లక్షల డాలర్లు చేతులు మారుచున్నవి గనుక, సాక్ష్యమును గూర్చిన విచారణ న్యాయస్థానముల వరకు పోవుచున్నది.

1961 ఏప్రిల్ 12వ తేదీన యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చెను. నాటి నుండి నేటి వరకు మానవులతో పాటు పైకి పోయి క్రిందికి వచ్చిన వస్తువులకు లెక్క లేదు. పటములు, చెంచాలు, చేతి గడియారములు, జెండాలు, పతకములు, తపాలా కవర్లు, నౌకను కప్పిన రేకు తునకలు, ఇట్టివి ఎన్నియో. న్యూయార్కు, డల్లాస్, బోస్టన్ మొదలగు నగరములలోని వేలముశాలలు వీటికై ప్రత్యేకముగా వేలములు జరుపుచున్నవి. కొనువారిలో కోటీశ్వరులు ఉన్నారు. నెల జీతములో కొంత మిగిల్చి ఒక కవరు కొనుక్కొను ఉపాధ్యాయులును ఉన్నారు.

ఒకే కర్మాగారములో ఒకే దినమున తయారైన రెండు పానాలను ఊహింపుడు. ఒకటి చంద్రుని చుట్టి వచ్చినది, రెండవది బీరువాలోనే ఉండిపోయినది. లోహము ఒకటే, తూకము ఒకటే. ధరలో మాత్రము హస్తిమశకాంతరము. ఈ అంతరమునకు మూలము లోహములో లేదు, కాగితములో ఉన్నది. ఏ నౌకలో, ఏ అరలో, ఎవరి చేతి మీదుగా ఆ పాన పోయి వచ్చినదో వ్రాసిపెట్టిన పద్దులో ఉన్నది. ఆ పద్దు చెడినచో వస్తువు ఏమగునో తెలుపుటకు చంద్రుని నుండి తిరిగి వచ్చిన రెండు తెల్లని గుడ్డసంచుల కథ చెప్పెదము. రెండును 1969 జూలైలో అపోలో 11 యాత్రలో పోయి వచ్చినవే.

మొదటి సంచి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటి అలమారలో దొరికెను. ఆయన 2012 ఆగస్టులో మరణించిన తరువాత భార్య ఇల్లు సర్దుచుండగా ఒక మూల తెల్లని సంచి కనబడినది. లోపల చూడగా చిన్న దీపములు, ఒక పాన, నడుమునకు కట్టుకొను పట్టీ, ఒక చలనచిత్ర కెమెరా ఉన్నవి. ఆమె వాటికి ఫొటోలు తీసి వాషింగ్టనులోని జాతీయ వైమానిక అంతరిక్ష ప్రదర్శనశాలకు పంపెను. అచ్చటి పండితులు వెంటనే ఔనని అనలేదు. వస్తువులపైనున్న సంఖ్యలను యాత్రకు ముందు తయారైన సామాను జాబితాలతో సరిచూచిరి. అటుపిమ్మట ఈ పత్రిక పాఠకులకు ఆసక్తి కలిగించు పని యొకటి చేసిరి. చంద్రుని దరినుండి రేడియో ద్వారా భూమికి చేరి, అక్షరము పొల్లు పోకుండ వ్రాసి భద్రపరచబడిన నాటి సంభాషణలను వెదకిరి. దిగు నౌకయైన 'ఈగిల్'ను చంద్రుని చుట్టు విడిచిపెట్టి రావలెను గనుక, అందులోని వస్తువులలో వెంట రావలసినవి తల్లినౌకకు మార్చవలెను. ఆ సమయమున ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక సంచిని గూర్చి, ఇవి ఊరకనే తెచ్చుచున్న చిల్లర సామానులని సహచరుడు కాలిన్స్‌తో చెప్పిన మాటలు ఆ వ్రాతలో దొరికినవి. ఆ చిల్లర సామానులే ఈ సంచి. అందులోని కెమెరాయే ఈగిల్ కిటికీ నుండి చంద్రతలముపై దిగుటను, ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి అడుగును చిత్రించిన కెమెరా. 2015లో ప్రదర్శనశాలవారు ఈ సంగతిని లోకమునకు వెల్లడించిరి. నలుబది ఏండ్లకు పైగా అలమారలో పడియున్న మూటకు రేడియోలో పలికిన ఒక్క వాక్యము సాక్ష్యమై నిలిచినది.

రెండవ సంచి భాగ్యము వేరు. చంద్రునిపై కాలు మోపిన కొద్ది నిమిషములలోనే ఆర్మ్‌స్ట్రాంగ్ చేయవలసిన పని యొకటి ఉండెను. ఏదైన ఆపద సంభవించి వెంటనే తిరుగుప్రయాణము కట్టవలసివచ్చినను వట్టిచేతులతో రాకుండుటకై, కొంత మట్టిని ముందుగా ఎత్తి దాచుకొనవలెను. ఆయన ఆ విధముగా సుమారు ఒక కిలోగ్రాము మట్టిని, రాళ్లను తీసెను. దానిని తెచ్చుటకు వాడిన పై సంచియే ఇది. అడుగు పొడవు గుడ్డసంచి. చంద్రుని నమూనా తిరుగు రాక అని దానిపై ఆంగ్లములో అచ్చువేసి ఉన్నది. హూస్టనులోని ప్రయోగశాలవారు మట్టిని తీసి భద్రముగా దాచిరి. ఆ మట్టిలోని ప్రతి రేణువునకు లెక్క ఉన్నది. సంచిని పట్టించుకొన్నవారు లేరు. గంధపుచెక్కను పెట్టెలో పెట్టి, చుట్టివచ్చిన గుడ్డను మూలకు విసరినట్లయినది.

అనంతరము ఆ సంచి కాన్సస్ రాష్ట్రములోని ఒక అంతరిక్ష ప్రదర్శనశాల మాజీ అధ్యక్షుని ఇంటి కారుషెడ్డులో తేలెను. ప్రదర్శనశాల వస్తువులను దొంగచాటుగా అమ్ముకొనెనను నేరము అతనిపై 2005లో రుజువైనది. అతని వద్ద స్వాధీనము చేసికొనిన వస్తువులను ప్రభుత్వము వేలము వేయించెను. ఇచ్చటనే పద్దు తప్పినది. ఈ సంచి సంఖ్యయు, వేరొక యాత్రకు చెందిన మరియొక సంచి సంఖ్యయు జాబితాలో కలిసిపోయినందున, దీని గొప్పతనము అమ్మువారికి తెలియలేదు. 2015లో ఇల్లినాయ్ రాష్ట్రమునకు చెందిన ఒక న్యాయవాది ఆ సంచిని 995 డాలర్లకు కొనెను.

ఆమెకు సందేహము కలిగినది. సంచిని పరీక్షించి చెప్పుడని హూస్టనుకు పంపెను. పరీక్షలో గుడ్డ పోగులలో చంద్రధూళి కనబడినది. ఇది అపోలో 11 సంచియే అని తేలినది. అంతట నాసా సంస్థ సంచిని తిరిగి ఇయ్యము, ఇది జాతి సొత్తు అని నిలిపివేసెను. ఆమె దావా వేసెను. ప్రభుత్వమే వేలము వేయించినది, ఆమె మంచి మనసుతో ధర చెల్లించి కొన్నది, కావున సంచి ఆమెదే అని 2016 డిసెంబరులో న్యాయమూర్తి తీర్పు చెప్పెను. 2017 జూలై 20వ తేదీన, అనగా చంద్రునిపై దిగిన దినము తిరిగి వచ్చిననాడు, న్యూయార్కులోని సోదబీ వేలముశాలలో ఆ సంచి 18,12,500 డాలర్లకు అమ్ముడుపోయెను. పరీక్ష కొరకు అంటుపట్టీలపైకి తీసిన ధూళి రేణువులు సైతము ఆమెకు తిరిగి వచ్చి, 2022 ఏప్రిలులో బోన్‌హామ్స్ వేలములో 5,04,375 డాలర్లు పలికినవి.

ఈ వ్యాజ్యములో ధర్మమెవరి పక్షమున ఉన్నదని కొందరు మమ్ము అడుగవచ్చును. న్యాయమూర్తి తీర్పు సరియైనదే అని మా అభిప్రాయము. తన చేతులతో అమ్మిన వస్తువును, తరువాత విలువ తెలిసినదని వెనుకకు లాగుకొనుట పెద్దమనుషుల లక్షణము కాదు. కాని మొదటి సంచి నేడు పదిమంది చూచు చోట నిలిచినది. రెండవది ఒకరి స్వంతమైనది. రెంటికి ఈ భేదము కలిగించినది దొంగ ఒక్కడే కాదు, లెక్కలు వ్రాసినవారి ఏమరుపాటు కూడ.

అంతరిక్షమునకు పోయి వచ్చిన వస్తువు ఎవరి సొత్తు అను ప్రశ్న అమెరికాలో చాలకాలము తెగలేదు. తొలినాటి వ్యోమగాములు పటములను, వ్రాతపుస్తకములను, చిన్న పరికరములను గుర్తుగా ఇండ్లకు తీసికొనిపోవుట వాడుక. అధికారులు చూచియు అడ్డు చెప్పలేదు. కాని వ్రాతమూలకమైన అనుమతి లేదు. అపోలో 13 యాత్రలో, 1970 ఏప్రిలులో, ప్రాణవాయువు తొట్టి పేలినపుడు జిమ్ లోవెల్ దిగు నౌక దిశను సరిచూచుటకై తన పుస్తకము పుటలో స్వహస్తముతో కూడికలు, తీసివేతలు చేసెను. ముగ్గురి ప్రాణములు నిలిపిన ప్రయత్నములో ఆ లెక్కలకును భాగమున్నది. ఆ పుస్తకము 2011 నవంబరులో వేలములో 3,88,375 డాలర్లు పలుకగా, అమ్ముటకు ఆయనకు హక్కు ఉన్నదా అని నాసా ప్రశ్నించెను. ఆ సంవత్సరమే, అపోలో 14లో పోయివచ్చిన ఎడ్గార్ మిచెల్ తన వద్దనున్న కెమెరాను అమ్మబోగా ప్రభుత్వము దావా వేసెను. ఆయన రాజీపడి కెమెరాను ప్రదర్శనశాలకు ఇచ్చెను. తుదకు 2012 సెప్టెంబరులో క్రొత్త శాసనము వచ్చినది. మెర్క్యురీ, జెమిని, అపోలో యాత్రల వ్యోమగాములు తమ వెంట ఉంచుకొన్న వస్తువులు వారి సొత్తే అని అది తేల్చెను. చంద్రుని రాళ్లకు మాత్రము అది వర్తింపదు.

ప్రభుత్వపు సొత్తునకు, స్వంత సొత్తునకు గల భేదము ఒక గడియారము వలన చక్కగా తెలియును. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చేతికి ప్రభుత్వమిచ్చిన ఒమేగా గడియారము ఉండెను. చంద్రునిపై తిరుగుచుండగా దాని అద్దము ఊడిపోయినది. మూడవ పర్యాయము నౌక వెలుపలికి పోవునపుడు ఆయన తన స్వంతమైన బులోవా గడియారమును ధరించెను. ఒమేగా ప్రభుత్వమునది గనుక అమ్ముటకు వీలులేదు. బులోవా తనది గనుక 2015లో అమ్మెను. 16,25,000 డాలర్లు వచ్చినవి.

ఇదే స్కాట్ పేరు, ఇదే యాత్ర, మరియొక కథలో అంత గౌరవప్రదముగా వినబడదు. స్కాట్, వర్డెన్, ఇర్విన్ అను ఆ ముగ్గురును అనుమతి పొందిన కవర్లతో పాటు, అనుమతి లేని 398 తపాలా కవర్లను కూడ చంద్రుని వద్దకు తీసికొనిపోయిరి. అందులో 100 కవర్లు ఒక జర్మను తపాలాబిళ్లల వర్తకునికి చేరినవి. ఒక్కొక్కరికి సుమారు 7,000 డాలర్లు ముట్టవలెనని ఏర్పాటు. యాత్రలన్నియు ముగిసిన తరువాత నిదానముగా అమ్మబడునని వీరు తలచిరట. వర్తకుడు ఆగలేదు, 4,850 మార్కుల వంతున వెంటనే అమ్మకమునకు పెట్టెను. వీరు సొమ్ము వెనుకకు ఇచ్చివేసినను అపకీర్తి తప్పలేదు. 1972లో మందలింపు జరిగినది. ముగ్గురిలో ఎవ్వరును మరల అంతరిక్షమునకు పోలేదు. మిగిలిన 298 కవర్లను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. విచిత్రమేమనగా, 1983లో అమెరికా తపాలాశాఖవారే ఛాలెంజరు నౌకలో సుమారు 2,60,000 కవర్లను పంపి, తెప్పించి, 15 డాలర్ల 35 సెంట్ల చొప్పున ప్రజలకు అమ్మిరి. ప్రభుత్వము చేసిన అదే పని మేము చేసినపుడు తప్పు ఎట్లయ్యెనని వర్డెన్ న్యాయస్థానమునకు పోగా, ఆ సంవత్సరమే కవర్లు తిరిగి వచ్చినవి. ఆ 2,60,000 కవర్లును అంతరిక్షయాత్ర చేసినవే. కాని రెండు లక్షలకు పైగా ఉన్న వస్తువు అపురూపము కాజాలదు. క్రొత్తగా ఈ వ్యాపకములో దిగువారు దీనిని గుర్తుంచుకొనుట మేలు.

ఇక చంద్రుని మట్టి మాట. అపోలో యాత్రలు ఆరింటిలో తెచ్చినది 382 కిలోగ్రాములు. అది యావత్తు అమెరికా ప్రభుత్వపు సొత్తు. అందులో ఒక రవ్వ ఇంట ఉంచుకొన్నను నేరమే. న్యాయముగా అమ్ముడుపోయిన నమూనా సోవియట్ దేశమునుండి వచ్చినది. 1970 సెప్టెంబరులో మనుష్యుడు లేని లూనా 16 యంత్రము 101 గ్రాముల మట్టిని తెచ్చెను. సోవియట్ రాకెట్ల నిర్మాత సెర్గేయ్ కొరల్యోవ్ 1966లోనే గతించెను. ఆయన సేవను స్మరించి ప్రభుత్వమువారు మూడు చిన్న రేణువులను ఆయన భార్యకు బహూకరించిరి. మూడింటి తూకము గ్రాములో అయిదవ వంతు. 1993లో ఆమె వాటిని సోదబీ వేలములో అమ్మగా 4,42,500 డాలర్లు వచ్చినవి. 2018లో అవే మరల 8,55,000 డాలర్లకు చేతులు మారినవి. సోవియట్ కూటమి విచ్ఛిన్నమైన తొలిదినములలో ఎందరో ఇంజనీర్లు, వ్యోమగాములు దాచుకొనిన వస్తువులు ఆ విధముగనే న్యూయార్కు చేరినవి. ఆ వేలముల వెనుకనున్న ఇక్కట్లు జాబితా పుస్తకములలో అచ్చుపడవు.

ఆ 1993 వేలములోనే మరియొక వింత జరిగినది. చంద్రునిపై దిగి తిరుగాడిన ఒక లూనఖోద్ బండిని రిచర్డ్ గేరియట్ అను అమెరికను 68,500 డాలర్లకు కొనెను. బండి చంద్రునిపైననే ఉన్నది, తెచ్చుకొనుటకు వీలులేదు. 2010లో చంద్రుని చుట్టు తిరుగు ఉపగ్రహపు చిత్రములలో అది కనబడినది. భూమి నుండి పంపిన లేసరు కాంతి బండిపైనున్న అద్దములకు తగిలి వెనుకకు వచ్చినది. కొన్నవాడు తన ఆస్తిని పదునేడేండ్లకు చూడగలిగెను, అదియును చిత్రములలో.

చంద్రుని రాతిపై ఆశ ఉన్నవారికి చట్టసమ్మతమైన దారి యొకటి లేకపోలేదు. ఉల్కల తాకిడికి చంద్రుని నుండి ఎగిరి భూమిపై పడిన శిలలు కొన్ని ఉన్నవి. అంటార్కిటికా మంచులో దొరికిన ఒక శిల అట్టిదని 1982లో తొలిసారి గుర్తించిరి. తరువాత ఎడారులలో మరికొన్ని దొరికినవి. కొన్ని దేశములలో వీటిని కొనుటకు, అమ్ముటకు అడ్డు లేదు. ఇచ్చట సాక్ష్యము శిలలోనే ఉండును. రసాయన పరీక్ష చేసినచో అదియే నోరు విప్పి చెప్పును. పాన, గుడ్డ, కవరు అట్లు చెప్పజాలవు.

చెప్పజాలని వస్తువును గుడ్డిగా నమ్మినచో ఏమగునో నెదర్లాండ్స్ దేశమువారు తెలిసికొనిరి. 1969లో అపోలో 11 వ్యోమగాములు ఆ దేశమునకు వచ్చినపుడు, అమెరికా రాయబారి మాజీ ప్రధాని విల్లెం డ్రేస్‌కు ఒక చిన్న రాయిని బహూకరించెను. ఆయన గతించిన తరువాత అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని సుప్రసిద్ధ రైక్స్ ప్రదర్శనశాలకు చేరి, చంద్రశిలగా మర్యాదలు అందుకొనెను. 2009లో పరీక్షింపగా అది శిలగా మారిన కొయ్య ముక్క అని తేలినది! చంద్రునిపై చెట్లెక్కడివి? రాయబారి మోసగించెనని మేము అనము. ఎచ్చటనో మాట మారినది. మారిన మాటను ఎవ్వరును సరిచూడలేదు. నిజమైన చంద్రశిలలకును గండములు లేకపోలేదు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1973లో అనేక దేశములకు కానుకగా పంపిన శకలములలో హోండురాస్ దేశపుది మాయమై, 1998లో 50 లక్షల డాలర్ల బేరమునకు వచ్చెను. కొనువారివలె నటించిన అధికారులు దానిని పట్టుకొనిరి. ఆ తునక బరువు ఒక గ్రాము పైచిలుకు మాత్రమే.

ఇంతవరకు చెప్పినవి మానవులు తెచ్చినవి. తమంతట తామే పడినవి వేరు. 1979 జూలైలో స్కైలాబు పడునను వార్త రేడియోలో విన్న దినములు మన పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. ఇక లోకమే ఉండదని కోళ్లను, మేకలను కోసి విందులు చేసికొన్నవారు మన పల్లెలలో ఉండిరి. 2021లో ఆ కథపై ఒక తెలుగు చలనచిత్రము కూడ వచ్చినది. స్కైలాబు జూలై 11న ఆస్ట్రేలియా పశ్చిమభాగమున పడెను. 72 గంటలలోగా తమ కార్యాలయమునకు తునక తెచ్చిన తొలి వ్యక్తికి 10,000 డాలర్లు ఇత్తుమని సాన్ ఫ్రాన్సిస్కో పత్రిక యొకటి ప్రకటించియుండగా, ఎస్పరెన్స్ అను ఊరి పదునేడేండ్ల బాలుడు తన ఇంటివద్ద పడిన తునకలతో విమానమెక్కి పోయి బహుమతి గెలిచెను. ఆ ఊరి స్థానికసంఘమువారు మాత్రము, మా ఊరిలో చెత్త వేసినందుకని అమెరికాకు 400 డాలర్ల జరిమానా వేసిరి. ఆ జరిమానాను 2009లో కాలిఫోర్నియాలోని ఒక రేడియో వ్యాఖ్యాత తన శ్రోతలనుండి చందాలు పోగుచేసి చెల్లించెను. రేడియో శ్రోతలు చేయలేని పని ఏమున్నది! పరిహాసము మాట అటుంచి, న్యాయము మాట చెప్పవలెను. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక ప్రకారము పైకి పంపిన వస్తువు ఎచ్చట పడినను పంపిన దేశపు సొత్తే; అడిగినచో తిరిగి ఇయ్యవలెను. స్కైలాబు తునకలను అమెరికా అడుగలేదు గనుక అవి అచ్చట నిలిచినవి. పొలములో గుండ్రని లోహపు తొట్టి పడినదని సంబరపడి ఇంటికి మోయరాదు. అందులో విషపూరితమైన ఇంధనము మిగిలియుండవచ్చును. దూరముగా నిలిచి పోలీసువారికి కబురు చేయుట క్షేమము.

కొద్ది సొమ్ముతో ఈ సేకరణ సాధ్యమా అని అడుగువారికి సాధ్యమే అని మా సమాధానము. అపోలో 11 తల్లినౌకను కప్పిన బంగారువన్నె పలుచని పొరను తునకలు చేసి గాజువంటి దిమ్మెలలో పొదిగి అమ్ముచున్నారు. ఆ నౌకల లోహమును కొంత కలిపి పోతపోసిన పతకములను నాటి కార్మికులకు పంచిరి. అవియును అంగడిలో కనబడును. కాని కొనుటకు ముందు అడుగవలసినది ధర కాదు, వంశవృక్షము. వ్యోమగామి స్వయముగా వ్రాసి సంతకము చేసిన పత్రమున్నదా? వస్తువుపైని సంఖ్య సామాను జాబితాలో ఉన్నదా? ఆనాటి ఫొటోలోని గీతలు, మరకలు దీనిపైనను ఉన్నవా? భూమిని చుట్టినదా, చంద్రుని చుట్టినదా, చంద్రునిపై దిగినదా? ఈ మూడింటికి ధరలు వేరు గనుక అమ్ముడువారి మాటలు ఒక మెట్టు పైకి జారుచుండును. యాత్రకై తయారైనది అనుటయు, యాత్ర చేసినది అనుటయు ఒకటి కాదు.

కొన్న పిమ్మట కాపాడుట మరియొక పని. మన కోస్తా ఉక్కపోతలో తపాలా కవరు బీరువాలోనే పసుపు మచ్చలు తేలును. జిగురు కరగి రెండు కవర్లు అంటుకొనును. ఎండ తగలని పొడిచోటు, ఆమ్లము లేని కాగితపు ఉర మేలు. పెద్ద సంస్థలకును ఈ బాధ తప్పలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ తొడుగులోని రబ్బరు పొరలు కాలక్రమమున పెళుసుబారుటచే వాషింగ్టను ప్రదర్శనశాలవారు దానిని చూపరుల ముందునుండి తీసివేసిరి. 2015లో ప్రజల వద్ద 7 లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి, బాగుచేయించి, 2019 జూలైలో మరల నిలిపిరి.

మన దేశములో అంతరిక్షమునకు పోయి తిరిగి వచ్చిన వస్తువులు కొద్దియే. 2007 జనవరి 10న శ్రీహరికోట నుండి పైకి పోయి, 12 దినములు భూమిని చుట్టి, 22వ తేదీన బంగాళాఖాతములో దిగిన 550 కిలోగ్రాముల పేటిక మనవారు పంపి తెచ్చుకొన్న మొదటి వస్తువు. దానికి ముందు, హైదరాబాదులో పెరిగి చదువుకొన్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో పోయి 11వ తేదీన తిరిగి వచ్చెను. ఢిల్లీలోని నెహ్రూ నక్షత్రశాలవారు ఆయన తొడుగుతో పాటు ఒక సోయుజ్ పేటికను ప్రదర్శనకు ఉంచిరి. అది టి-11 కాదు, టి-10. చూపరులు కొందరు దీనిని పొరపాటుగా తలతురు. పొరపాటు లేదు. పోవునపుడు ఎక్కిన నౌకను కక్ష్యాగృహమునందలి వారికై అచ్చటనే ఉంచి, అంతకుముందే అచ్చట నిలిచియున్న టి-10లో శర్మయు సహచరులును క్రిందికి దిగిరి. రాకపోకల పద్దు తెలిసినవారికి ఆ పేటికపైని సంఖ్యయే మొదటి సాక్ష్యము.